అతుకు అవమానం ఎలా అయింది?

రెండు మూడు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే మన పత్రికలు దానికి వెంటనే ఒక పేరు పెడతాయి: అతుకుల బొంత. నిలకడ లేని పొత్తు అతుకుల బొంత, పొంతన లేని చట్టం అతుకుల బొంత, అక్కడొకటి ఇక్కడొకటి ఏరి రాసిన పుస్తకం కూడా అతుకుల బొంతే. శాసనసభలో ప్రతిపక్షం ఈ మాట అంటుంది, అధికారపక్షం కోపగించుకుంటుంది. ఆ రెండు పక్షాలకూ బొంత అంటే నాసిరకమనే విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉన్నది. ఆ మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఈ తిట్టు తగులుతున్నది ప్రభుత్వానికా, బొంత కుట్టిన చేతులకా?

ఉపమానంగా చూసినా ఈ మాట తప్పు. బొంత నిలకడ లేనిది కాదు. ఒంటిగా ఉంటే చేతిలోనే చిరిగిపోయే నాలుగు పాత బట్టలను మరో పదేళ్ళు కలిసి నిలబడేలా చేసే విద్య పేరే బొంత. విడిపోయేదానికి ఉదాహరణ కావాలంటే మరేదైనా వెతుక్కోవచ్చు. విడిపోకుండా ఉండడమే పనిగా పుట్టిన వస్తువును విడిపోవడానికి గుర్తుగా మార్చింది భాషలోని అజ్ఞానం కాదు. ఆ వస్తువు ఎవరి ఇంటిదో, ఎవరి చేతిదో భాషకు బాగా తెలుసు. మన భాషలో వస్తువులకూ కులం ఉంటుంది.

బొంతను చూడని తరం వచ్చింది కనుక అది ఎలా తయారవుతుందో కొంత చెప్పాలి. పరుపులో, రజాయిలో దూది ఉంటుంది. దానిని ఏకిన దూదేకుల వారి శ్రమ ఉంటుంది. బొంతలో దూది ఉండదు, అంతా బట్టే. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు రెండు తీసుకుంటారు. ఒకటి అడుగు పొర, ఒకటి పై పొర. రెండింటి మధ్య చినిగిన పంచెలు, తువ్వాళ్ళు, పిల్లలకు పొట్టివైన లాగులు, చొక్కాల వీపు భాగాలు, దర్జీ దుకాణంలో మిగిలిన కత్తిరింపు ముక్కలు పరుస్తారు. గుండీలు కోసేస్తారు, కుట్లు విప్పుతారు, మందంగా ఉన్న కాలరు పట్టీలను పక్కన పెడతారు. నేల మీద పరిచి, ముడత లేకుండా చేత్తో సాపు చేసి, కదలకుండా నాలుగు మూలలా బరువు పెడతారు. అంచులు లోపలికి మడిచి కచ్చా కుట్టు వేసుకుంటూ వరుస వెంట వరుస పోతారు. పెద్ద బొంత ఒకటి పూర్తి కావడానికి రోజుల తరబడి పడుతుంది. కోత పనులు అయిపోయి, తొలకరి ఇంకా రాని ఎండాకాలమే దీనికి అనువైన కాలం.

చూడడానికి ఇది తేలిక. చేయడానికి కాదు. ఏ ముక్క ఎంత అరిగిందో వేలితో తడిమి తెలుసుకోవాలి. బలహీనమైన ముక్క మీద గట్టి ముక్క పడాలి. ఒకేచోట ముక్కలన్నీ చేరితే గడ్డలు కట్టి వీపుకు గుచ్చుకుంటాయి, పలచబడిన చోట చలి దూరుతుంది. కుట్టు మరీ దగ్గరైతే బొంత అట్టలా బిగుసుకుంటుంది, మరీ దూరమైతే ఉతికినప్పుడు లోపలి ముక్కలు ఒక మూలకు జారిపోతాయి. దారం లాగే బిగువులో తేడా వస్తే పై పొర ముడుచుకుంటుంది. కొలబద్ద లేకుండా, కాగితం మీద గీత లేకుండా, కుట్టుమిషను లేకుండా ఈ లెక్కలన్నీ చేసేది బడి మొహం చూడని స్త్రీలు. ఇదే పని చదువుకున్నవారు చేసి ఉంటే దానిని డిజైన్ అనేవాళ్ళం.

నల్లగొండ జిల్లాలోని మా వాడలో బొంత లేని ఇల్లు లేదు. మా అమ్మ కుట్టిన బొంతలో నాకు గుర్తున్న బట్టలు మూడు: నాయనమ్మ ఆకుపచ్చ చీర, మా నాయన ఖాకీ చొక్కా, ఊరి దొరగారింటి నుంచి వచ్చిన పంచె. ఆ పంచె దానమేమీ కాదు. మా తాత ఆ ఇంట చేసిన చాకిరీకి పండుగ పూట విసిరిన కూలి. మూడింటిలోకీ మేలైన బట్ట అదే, తెల్లగా, గట్టిగా ఉండేది. పై పొరకు అదే బాగుంటుందని నేనంటే మా అమ్మ ఒప్పుకోలేదు. ‘పైన మన బట్టే ఉండాలె బిడ్డా, దొర పంచె లోపల ఉంటె చాలు’ అని దానిని మధ్య పొరలో పరిచి, మీద నాయనమ్మ చీర కప్పింది. ఆమెకు ఆత్మగౌరవం అనే మాట తెలియదు. ఏది కనబడాలో, ఏది కనబడకూడదో నిర్ణయించే అధికారం తన సూదికి ఉన్నదని మాత్రం తెలుసు.

పాత బట్ట కిందికి దిగివచ్చే ఈ దారి చాలా పాతది. మనుస్మృతి పదవ అధ్యాయం చండాలురు ఊరి వెలుపల ఉండాలనీ, పగిలిన పాత్రలలో తినాలనీ, శవాల మీది బట్టలనే కట్టుకోవాలనీ విధించింది. కొత్త బట్టను నిషేధించడం అంటే ఒక మనిషికి సొంత శరీరం ఉన్నదని ఒప్పుకోకపోవడం. మరొకరు వాడి విడిచినదే నీది, అది కూడా చచ్చినవాడిదైతే మరీ మంచిది అని చెప్పడం. శాస్త్రం చెప్పినదంతా ఊళ్ళో అక్షరాలా అమలు జరిగిందని కాదు. కానీ దాని నీడ మన ఊళ్ళ మీద ఎంత పొడవునా పడిందో మా తరం కళ్ళారా చూసింది. వెట్టి చేసిన వారికి కూలిగా పాత బట్ట, పురుడు పోసిన మంత్రసానికి పాత చీర, చావు మోసిన వారికి చావు బట్ట. బట్ట పై ఇంటి నుంచి కింది ఇంటికే వచ్చింది. వాడలోని బట్ట ఊళ్ళోని ఇంటికి ఎన్నడూ పోలేదు.

మడి, మైల అనే రెండు మాటలనూ మన సమాజం ముందుగా బట్ట మీదనే రాసుకున్నది. మడి కట్టుకోవడమంటే బట్ట కట్టుకోవడమే. పూజకూ, శ్రాద్ధానికీ సూది తగలని బట్ట శ్రేష్ఠమని ఆచారం చెబుతుంది. పంచె, ఉత్తరీయం, చీర పనికివస్తాయి, కుట్టిన చొక్కా పనికిరాదు. అంటే సూదికే అంటు ఉన్నది. ఈ లెక్కన చూస్తే మడికి పూర్తిగా ఎదురు నిలిచే వస్తువు బొంత. అందులో ప్రతి అంగుళానికీ సూది తగిలింది. ముసలివారి బట్ట, బాలింత బట్ట, పసిపిల్లల బట్ట, పొలంలో చెమటకు తడిసిన బట్ట, అన్నీ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయి. ఎవరిది ఏదో వేరు చేయడం ఇక సాధ్యం కాదు. వేరు చేయడమే ధర్మంగా బతికిన వ్యవస్థకు వేరు చేయలేని వస్తువు మీద గౌరవం ఎలా కలుగుతుంది?

అలాగని చిరుగుపేలికకు మన సంప్రదాయంలో ఎన్నడూ గౌరవమే లేదనలేము. సంస్కృతంలో బొంతను కంథ అంటారు. కంథ ధరించినవాడు విరాగి. ఆదిశంకరుల రచనగా ప్రసిద్ధమైన భజగోవిందంలోనే వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన కంథ కప్పుకున్న యోగి ప్రశంస ఉన్నది. అదే పేలిక, అదే సూది, అదే అతుకు. వదులుకోవడానికి ఏదైనా ఉన్నవాడు కప్పుకుంటే అది వైరాగ్యం. వదులుకోవడానికి ఏమీ లేనివాడు కప్పుకుంటే అది దరిద్రం. బట్ట విలువను బట్ట నిర్ణయించదు, దాని కింద ఉన్న శరీరం నిర్ణయిస్తుంది. సంస్కృతంలో ఉన్నంతసేపూ కంథ, తెలుగులోకి దిగగానే బొంత. ఒకే వస్తువు భాష మారగానే పూజ నుంచి ఎగతాళిలోకి జారిపోయింది.

ఈ లెక్కను తిరగరాసినవాడు ఒకడున్నాడు. బౌద్ధ భిక్షువుల వస్త్రానికి మొదటి రూపం పాంశుకూలం, అంటే చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో పారేసిన పేలికలను ఏరి, ఉతికి, కుట్టుకున్న చీవరం. మనువు చండాలుడికి శిక్షగా విధించినది ఏదో, బుద్ధుడు దానినే తన సంఘానికి దుస్తులుగా ఎంచుకున్నాడు. వినయ పిటకంలో ఒక ముచ్చట ఉన్నది. మగధలో గట్లు కట్టి మడులు మడులుగా ఉన్న వరి పొలాలను చూపించి, భిక్షువుల చీవరాన్ని ఆ విధంగా కూర్చగలవా అని బుద్ధుడు ఆనందుడిని అడిగాడు. ఆనందుడు అలాగే ముక్కలు కోసి, గట్ల వంటి అతుకులతో కుట్టి చూపించాడు. తరువాతి కాలంలో భక్తులు కొత్త బట్ట దానమిచ్చినా, దానిని కోసి అతికి కుట్టాకే ధరించడం నియమమైంది. అతుకు అక్కడ లేమికి గుర్తు కాదు. రైతు మడి ఆకారం అది, సంఘం గుర్తు అది.

ఆ చీవరంలోకి ఎవరెవరు వచ్చారన్నది ఇంకా ముఖ్యం. క్షురకుడైన ఉపాలి, శాక్య రాజకుమారులు ఒకే రోజున దీక్షకు వచ్చారు. తమ కులగర్వం అణగాలంటే ఉపాలికే ముందుగా దీక్ష ఇవ్వాలని ఆ రాజకుమారులే కోరారనీ, అలాగే జరిగిందనీ, తరువాత వారు అతనికి నమస్కరించవలసి వచ్చిందనీ బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఇద్దరి ఒంటి మీదా అతుకుల వస్త్రమే. మా జిల్లాకు ఆనుకొని పారే కృష్ణానది ఒడ్డున, నాగార్జునకొండ విహారాలలో శతాబ్దాల పాటు అతుకుల చీవరాలు ఆరేసి ఉంటాయి. ఆ నేల మీదనే ఈనాడు అతుకుల బొంత తిట్టుగా చెలామణి అవుతున్నది.

ఇక ఈనాటి కుట్టేవారి సంగతి. ఇంటి అవసరానికి కుట్టుకునే స్త్రీలు ఒకరు. ఊరూరా తిరిగి కూలికి కుట్టేవారు మరొకరు. మా ప్రాంతంలో ఈ రెండో పని చేసేవారిలో బుడగ జంగాల స్త్రీలను నేను చిన్ననాటి నుంచి చూస్తున్నాను. మగవారు తంబూరా, బుర్రలతో కథ చెప్పేవారు. ఆడవారు దబ్బనం, దారపు ఉండతో ఇంటింటికీ వచ్చి ‘బొంతలు కుడతాం’ అని కేకవేసేవారు. పిలిచిన ఇంట్లో వారికి కూర్చోడానికి దొరికే చోటు వాకిలి, లేదంటే వేపచెట్టు నీడ. ఆ ఇంటివారు ఒంటికి చుట్టుకొని పడుకోబోయే బొంతను ఆమె చేతులతోనే కుట్టాలి, ఆమె మాత్రం గడప దాటకూడదు. చేయి తాకిన బట్ట లోపలికి పోతుంది, చేయి బయటే ఉండిపోతుంది. అంటరానితనం ఎంత లెక్కగా ఉంటుందో ఇంతకంటే చక్కని ఉదాహరణ నేను చూడలేదు.

గత వేసవిలో అలా కుడుతున్న ఒక పెద్దామెతో మాట్లాడాను. ‘అవ్వా, ఈ పని ఎవరు నేర్పిన్రు?’ అని అడిగితే ఆమె నవ్వి, ‘నేర్పుడేంది సారూ, ఆకలి నేర్పింది’ అన్నది. ఆమె ఒడిలో ఉన్నది నూలు చీర కాదు, జారిపోయే పాలిస్టర్ చీర. ఇప్పుడు ఇళ్ళలో ఇవే ఇస్తున్నారు. నూలు బట్ట కుట్టును పట్టుకుంటుంది, చెమటను పీల్చుకుంటుంది. పాలిస్టర్ బట్ట కుట్టును జారవిడుస్తుంది, ఎండాకాలం ఒంటికి అంటుకుంటుంది. పని రెట్టింపయింది, కూలి మాత్రం పొలం కూలిని కూడా అందుకోవడం లేదు. పైగా బజారులో మిల్లు దుప్పటి చౌకగా దొరుకుతుంటే బొంతకు ఇంతెందుకని బేరమాడతారు. ఆమె కోడళ్ళెవరికీ ఈ పని రాదు, రావాలని ఆమెకు కోరిక కూడా లేదు.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ అమలులోకి వచ్చింది. బేడ బుడగ జంగాలను అత్యంత వెనుకబడిన కులాలతో కూడిన మొదటి గ్రూపులో చేర్చి, ఆ గ్రూపు మొత్తానికి 1 శాతం కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే వారి కుల హోదాయే ఏళ్ళ తరబడి వివాదంలో నలుగుతున్నది. వర్గీకరణ న్యాయమైనదే. కానీ ఉద్యోగంలో, చదువులో వాటా అందుకోవడానికి ముందు మెట్టు ఒకటుంది. ఆ కుటుంబాలు ఒకచోట నిలవాలి, పిల్లలు బడిలో నిలవాలి, చేసిన పనికి కూలి రావాలి. ఊరూరా తిరిగే తల్లి చేతిలో ఉన్నది పనేనని రాజ్యం ముందు ఒప్పుకోవాలి. అదే జరగడం లేదు.

2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకాన్ని చూడండి. సంప్రదాయ చేతివృత్తులు 18 అని అది లెక్క తేల్చింది. శిక్షణ, పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం, తక్కువ వడ్డీకి రుణం ఇస్తామన్నది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చర్మకారుడు, మంగలి, రజకుడు, దర్జీ, చేప వలలు అల్లేవారు, చాపలు, చీపుళ్ళు కట్టేవారు అందులో ఉన్నారు. బొంత కుట్టేవారు లేరు. ఆమెను దర్జీ కింద లెక్కవేయవచ్చు కదా అనవచ్చు. కానీ ఆమెకు దుకాణం లేదు, కుట్టుమిషను లేదు, బోర్డు లేదు, చాలాసార్లు ఊరే లేదు. దర్జీ కొత్త బట్టను కోస్తాడు, ఆమె కోయడానికి వీలులేని బట్టను కలుపుతుంది. రెండూ వేర్వేరు విద్యలు.

భౌగోళిక గుర్తింపు సంగతీ అంతే. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, వెంకటగిరి, మంగళగిరి, ధర్మవరం, ఉప్పాడ, పుట్టపాక తేలియా రుమాలు, ఇలా తెలుగు నేల మీది నేతలు అనేకం ఆ గుర్తింపు పొందాయి. పొందవలసినవే. నేతన్నల ఆకలికి ఆ గుర్తింపు చాలలేదన్నది వేరే చర్చ. పొరుగు ప్రాంతాలలో పాత బట్టల కుట్టుపనికి కూడా అది దక్కింది. బెంగాల్ నక్షీ కాంథా, బిహార్ సుజనీ ఆ జాబితాలో ఉన్నాయి. తెలుగు బొంత లేదు. బెంగాల్‌లో గురుసదయ్ దత్ ఊరూరా తిరిగి కాంథాలు సేకరించాడు. ఆయన సేకరణ కోల్‌కతా శివార్లలో మ్యూజియంగా నిలిచింది. జసీముద్దీన్ 1929లో ఒక పల్లెటూరి అమ్మాయి కుట్టిన కాంథా పేరుతోనే కావ్యం రాశాడు. మన సాహిత్యంలో బొంత పేదరికానికి గుర్తుగా వచ్చినంతగా పనితనానికి గుర్తుగా రాలేదు. ఎవరి దగ్గర కలం ఉన్నదో వారి ఇంట బొంత లేదు. ఎవరి ఇంట బొంత ఉన్నదో వారి చేతికి కలం ఆలస్యంగా వచ్చింది.

అతుకు కుట్టినవారికి గౌరవం దక్కితే ఏమవుతుందో, ఎంతవరకు దక్కుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని ఒక ఊరిని చూడాలి. అలబామా రాష్ట్రంలో అలబామా నది మూడు వైపులా చుట్టిన మలుపులో జీస్ బెండ్ అనే ఊరున్నది. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి అక్కడ బానిసలతో పత్తి తోట పెట్టాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి పోయింది. బానిసత్వం రద్దయ్యాక కూడా అక్కడి నల్లజాతివారు అదే నేల మీద కౌలు కూలీలుగా మిగిలారు. యజమాని ఇంటి పేరే వారి ఇంటి పేరైంది. ఈనాటికీ ఆ ఊళ్ళో పెట్‌వేలు ఎందరో. ఆ ఇళ్ళ స్త్రీలు చలికి తట్టుకోవడానికి పని దుస్తుల ముక్కలు, పిండి సంచులు కలిపి బొంతలు కుట్టారు. మిస్సూరీ పెట్‌వే అనే ఆమె 1942లో భర్త చనిపోయినప్పుడు ఆయన పొలం పనికి తొడుక్కున్న బట్టలతోనే ఒక బొంత కుట్టి, దానినే కప్పుకుంటానన్నది. చనిపోయినవారి బట్ట ఒక స్మృతి గ్రంథంలో శిక్ష, ఈ తల్లి చేతిలో ప్రేమ. తేడా అంతా ఎవరు నిర్ణయించారన్నదానిలో ఉన్నది.

ఓటు హక్కు కోసం ఉద్యమం సాగుతున్న రోజుల్లో, 1962లో, ఆ ఊరిని నది అవతలి జిల్లా కేంద్రంతో కలిపే పడవను ఆపేశారు. అది తిరిగి నడిచింది 2006లో. మధ్యలో 1966లో ఆ ప్రాంతపు నల్లజాతి స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకొని బొంతలు అమ్మారు. 2002లో హ్యూస్టన్ కళా మ్యూజియం, ఆ వెంటనే న్యూయార్క్ విట్నీ మ్యూజియం ఆ బొంతలను గోడలకెక్కించాయి. విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళ పక్కన నిలబెట్టారు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతలతో స్టాంపులు వేసింది. అంత పేరు వచ్చాక కూడా, తమ పని మీద ఇతరులు సంపాదించిన డబ్బులో తమకు న్యాయమైన వాటా రాలేదని కొందరు కుట్టుకత్తెలు 2007లో కోర్టుకెక్కారు. ఆ కేసులు తరువాత రాజీతో ముగిశాయి. గోడ మీదికి ఎక్కిన గౌరవం ఇంటిలోకి రావడం వేరే పోరాటమని ఆ ఊరు మనకు చెబుతున్నది.

అంత దూరం పోనక్కరలేదు కూడా. మన పక్కనే కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా తెచ్చినవారి సంతతి అయిన సిద్దీల స్త్రీలు కవంది అనే బొంతలు కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. నాలుగు మూలలా చిన్న ముక్కలతో పూలు పెట్టనిదే బొంత పూర్తయినట్టు కాదు. వాటికి దేశవిదేశాల్లో ఆదరణ పెరుగుతున్నది. కన్నడిగుల కౌది, మరాఠీల గోధడి, మన బొంత, సిద్దీల కవంది ఒకే కుటుంబంలోని అక్కచెల్లెళ్ళు. వాటిలో మన బొంతకే నోరు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. కులవృత్తులను పొగడడం కులాన్ని కాపాడడమే కదా? అంబేద్కర్ 1936లో కుల నిర్మూలనలోనే హెచ్చరించారు: కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని. ఆ హెచ్చరిక నాకు శిరోధార్యం. బుడగ జంగాల అమ్మాయి బొంతే కుట్టాలని కోరేవాడు ఆమెకు మిత్రుడు కాడు. మా అమ్మ బొంత కుట్టింది కళ కోసం కాదు, దుప్పటి కొనలేక. దానిని మరిచిపోయి అతుకుల అందాన్ని వర్ణించడం ఆమె చలిని అవమానించడమే. కానీ ఒక పని నుంచి బయటపడే హక్కు, ఆ పని చేసినన్నాళ్ళూ గౌరవం పొందే హక్కు పరస్పర విరుద్ధమైనవి కావు. ఇన్నాళ్ళూ ఆ రెండో హక్కును నిరాకరించినవారే ఇప్పుడు వ్యర్థం లేని జీవనం, పర్యావరణ హిత ఫ్యాషన్ అంటూ నగరాల బొటిక్‌లలో అతుకుల చొక్కాలు, అతుకుల సంచులు వేలకు అమ్ముతున్నారు. పారేయకుండా వాడుకోవడం నేర్చుకోవాలని ఉపన్యాసాలిస్తున్నారు. పారేయడానికి ఏమీ లేని వాడలకు ఆ పాఠం కొత్త కాదు. పేలిక మళ్ళీ విలువైనదైంది, దానిని కలిపిన చేతి పేరు మాత్రం ఇంకా రాలేదు.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. చేతివృత్తుల పథకాలలో బొంత కుట్టే పనిని ఒక వృత్తిగా చేర్చాలి. స్థిరమైన చిరునామా లేదన్న కారణంతో సంచార కుటుంబాల స్త్రీలకు కళాకారుల గుర్తింపు కార్డు నిరాకరించకూడదు. వసతి గృహాలకూ, అంగన్‌వాడీలకూ ప్రభుత్వాలు ఏటా కొనే పరుపు బట్టల్లో కొంత వాటా ఈ స్త్రీల సంఘాల నుంచి, న్యాయమైన కూలి లెక్కగట్టి కొనవచ్చు. దర్జీ దుకాణాలలో, దుస్తుల కర్మాగారాలలో మిగిలే నూలు ముక్కలను వారికి అందించవచ్చు. మన రాష్ట్రాల మ్యూజియంలలో రాజుల కత్తులు, దొరల పల్లకీలు ఉన్నాయి. కుట్టినవారి పేరుతో, ఊరి పేరుతో ఒక్క బొంతకైనా అక్కడ గోడ ఇవ్వాలి. గోడతో పాటు ప్రతిఫలం కూడా ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల తెలుగు, మానవశాస్త్ర శాఖలు పొరల పేర్లు, కుట్ల పేర్లు, పద్ధతులు ఆ అవ్వలు ఉండగానే రాసుకోవాలి.

ఇవన్నీ ప్రభుత్వాలు చేయవలసినవి, వాటికి ఎప్పుడు తీరిక దొరుకుతుందో తెలియదు. కానీ రేపటి నుంచే చేయగలిగినది ఒకటి పాత్రికేయుల చేతిలో, రచయితల చేతిలో, వక్తల చేతిలో ఉన్నది. కులం పేర్లతో తిట్టడం తప్పని మన భాష చాలా కష్టం మీద, చట్టం భయం మీద నేర్చుకున్నది. కులాల పనులతో, పనిముట్లతో, చేతి సృష్టితో తిట్టడం కూడా తప్పేనని ఇంకా నేర్చుకోలేదు. పొత్తులు కూలిపోతే కూలిపోయాయనే రాయండి. చట్టంలో పొంతన లేకపోతే పొంతన లేదనే అనండి. అతుకుల బొంత అనవలసిన చోటు ఒకటే ఉన్నది: వేర్వేరు బతుకుల ముక్కలను, ఏదీ చిన్నబుచ్చుకోకుండా, ఒకదానికొకటి బలమయ్యేలా కలిపి నిలబెట్టిన చోటు. ఈ దేశం అలాంటిది కావాలని రాజ్యాంగం కోరింది. అది ఇంకా కాలేదు కనుక, మన దేశాన్ని కూడా ఆ పేరుతో అప్పుడే పిలవకండి.